గాంబియా: నదిని పట్టుకుని వెళ్తే

ఆఫ్రికా పటంలో గాంబియా కనిపించాలంటే ముందు పడమటి అంచున సెనెగల్‌ను వెతకాలి. సముద్రం వైపు నుంచి సెనెగల్ మధ్యలోకి మెలికలు తిరుగుతూ చొచ్చుకుపోయిన సన్నటి దేశం ఇది. మూడు వైపులా సెనెగల్, నాలుగో వైపు అట్లాంటిక్. ఆఫ్రికా ప్రధాన భూభాగం మీద ఇంతకన్నా చిన్న దేశం లేదు. విస్తీర్ణం సుమారు 11,300 చదరపు కిలోమీటర్లు, అంటే ఇంచుమించు పాత గుంటూరు జిల్లా అంత. జనాభా 24 లక్షలు.

ఈ దేశాన్ని నది చుట్టూ గీశారు. గినీ కొండల్లో పుట్టి 1,100 కిలోమీటర్లకు పైగా పారే గాంబియా నది మీద బ్రిటిష్‌వాళ్లకు పెత్తనం కావాలి. చుట్టుపక్కల నేలంతా ఫ్రెంచివాళ్లు ఆక్రమించుకుంటున్నారు. 1889లో ఇద్దరూ కూర్చుని, నదికి అటూ ఇటూ పదేసి కిలోమీటర్లు బ్రిటన్‌కి, మిగతాది ఫ్రాన్స్‌కి అని ఒప్పందం రాసుకున్నారు. నదిలో ఓడ మీంచి పేల్చిన ఫిరంగి గుండు ఎక్కడ పడితే అక్కడే సరిహద్దు రాయి వేశారని ఊళ్లలో కథగా చెప్తారు. ఫిరంగి మాట ఎలా ఉన్నా, ఒకే భాష మాట్లాడే ఊళ్లు ఆ గీతకు చెరోపక్క పడ్డాయి. దేశం ఎక్కడా 50 కిలోమీటర్ల వెడల్పు దాటదు.

గాంబియా వెళ్లే విదేశీయుల్లో ఎక్కువమంది సముద్రపు ఒడ్డు దాటి లోపలికి రారు. 1965లో బెర్టిల్ హార్డింగ్ అనే స్వీడన్ దేశస్థుడు మొదటి టూరిస్టు బృందాన్ని తీసుకొచ్చాడు. తీరం వెంబడి పోయే పెద్ద రోడ్డుకు ఆయన పేరే ఉంది. అప్పటి నుంచి చలికాలం రాగానే ఉత్తర ఐరోపా జనం ఎండ కోసం వచ్చి, హోటల్లో వారం రోజులు ఉండి వెళ్లిపోతారు. ఒడ్డు బాగుంటుంది, కాదనను. కానీ ఈ దేశం ఉన్నది నది వెంట. నది వెంట పోనివాళ్లు గాంబియా చూసినట్టు కాదని నా నమ్మకం. అందుకే తీరానికి తక్కువ రోజులు, లోపలికి ఎక్కువ రోజులు పెట్టుకుని జనవరిలో బయలుదేరాను. నవంబరు నుంచి మే దాకా వాన ఉండదు. జూన్ చివర మొదలయ్యే వానలు అక్టోబరు వరకు ఉంటాయి, అప్పుడు మలేరియా కూడా ఎక్కువ.

ముందే చూసుకోవాల్సింది ఎల్లో ఫీవర్ టీకా. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. హైదరాబాద్‌లో అయితే నారాయణగూడ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం సరిపోతుంది. మలేరియా మాత్రలు డాక్టర్‌ని అడిగి మొదలుపెట్టండి. వానలు లేని నెలలైనా మానొద్దు.

గురువారం: యుండుమ్, బకావు

దోహాలో ఒక విమానం, కాసాబ్లాంకాలో ఇంకో విమానం మారితే బాంజుల్. విమానాశ్రయం రాజధానిలో కాకుండా యుండుమ్ అనే చోట ఉంది. చిన్న దేశానికి ఇంత పొడవు రన్‌వే ఎందుకా అనిపిస్తుంది. అమెరికా స్పేస్ షటిల్ ఎగిరిన కాసేపటికి ఏదైనా తేడా వస్తే అట్లాంటిక్ దాటి దిగడానికి ఎంచుకున్న అత్యవసర స్థావరాల్లో ఇదొకటి. 1980ల చివర్లో నాసా ఆ ఏర్పాట్లు చేసింది. షటిల్ ఒక్కసారి కూడా ఇక్కడ దిగాల్సిన అవసరం రాలేదు.

గాలిలో సన్నటి దుమ్ము. సహారా మీదుగా వచ్చే ఈ పొడిగాలిని హర్మట్టాన్ అంటారు. ఎండ కూడా పాలిపోయినట్టు ఉంటుంది, పెదవులు పగులుతాయి. కరెన్సీ దలాసీ. డాలరుకు 70 దాకా వస్తాయి కాబట్టి లెక్కలు మన రూపాయలకు దగ్గరగా ఉండి సులువుగా అర్థమవుతాయి. లోపలి ఊళ్లలో కార్డులు పనికిరావు, నగదు ఇక్కడే మార్చుకోవాలి.

డ్రైవర్ నడివయసు మనిషి. మాండింకా, వోలోఫ్, ఫులా మూడూ వచ్చు, ఇంగ్లీషు సరే సరి. కారెక్కగానే ప్రయాణం ఎలా జరిగిందని అడిగాడు. ఇంట్లో అందరూ ఎలా ఉన్నారన్నాడు. అమ్మ ఆరోగ్యం అడిగాడు, ఊళ్లో ఎండలు అడిగాడు. అవన్నీ అయ్యాకే బండి కదిలింది. ఇక్కడ పని సంగతి ముందు ఎత్తడం మర్యాద కాదు. దారిలో పోలీసు ఆపినా, కొట్లో నీళ్ల సీసా కొన్నా, "సుమోలు లే?" అంటే ఇంట్లోవాళ్లు ఎక్కడ, ఎలా ఉన్నారు అని మొదలవుతుంది. "ఇ బే జే", అక్కడే ఉన్నారు, బాగున్నారు అని జవాబు. ఈ రెండు ముక్కలూ, "అబరక" అనే థాంక్సూ నేర్చుకుని వెళ్తే సగం పనులు అయినట్టే.

శుక్రవారం: బకావు, సెరెకుండా

పొద్దున టిఫిన్ రోడ్డు పక్కనే. మట్టి పొయ్యిలో కాల్చిన తపలపా అనే గట్టి బ్రెడ్డును నిలువుగా చీల్చి, ఉడికించిన అలసందలు కూరి ఇస్తారు. పక్కనే అకరా, అంటే అలసందలు రుబ్బి నూనెలో వేసిన వడలు. శాకాహారులు దీన్ని గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే మధ్యాహ్నం నుంచి కుండలో చేప లేని వంట దొరకడం కష్టం.

బకావు ఊరి నడుమ, ఇళ్ల మధ్యలో కచికల్లి మొసళ్ల గుంట ఉంది. బొజాంగ్ ఇంటిపేరువాళ్లు తరతరాలుగా దీన్ని చూసుకుంటున్నారు. టూరిస్టులు మొసలి వీపు మీద చెయ్యి పెట్టి ఫోటో దిగి వెళ్తారు. ఊరివాళ్లకు మాత్రం ఇది మొక్కుల చోటు. పిల్లలు కలగాలని ఆడవాళ్లు ఈ నీళ్లతో స్నానం చేయించుకుంటారు. నేనున్నంతసేపూ ఒకామె గుంట పక్కన కళ్లు మూసుకుని కూర్చునే ఉంది. కెమెరా తీయబుద్ధి కాలేదు.

సెరెకుండా బజారు దేశంలోకెల్లా పెద్దది. ఇక్కడ నన్ను ఆపింది బియ్యం కొట్టు. బస్తాల మీద ఇండియా పేరు, లోపల నూకలు. ఇక్కడివాళ్లకు నూకలే ఇష్టం. బెనాచిన్ అనే వంట ఉంది, చేప, కూరగాయలు, టమాటా, బియ్యం ఒకే కుండలో వండుతారు. రసం పట్టాలంటే నూకే కావాలని కొట్టామె చెప్పింది. కాకినాడ రేవు నుంచి పశ్చిమ ఆఫ్రికాకు ఓడల కొద్దీ బియ్యం పోతుందని పేపర్లో చదవడమే గానీ, అది వెళ్లి ఎవరి కుండలో పడుతుందో చూడడం ఇప్పుడే. అదే వరసలో ఒకావిడ ఎండబెట్టిన ఎర్రటి గోంగూర కాయల రేకులు కుప్ప పోసి అమ్ముతోంది. వాటిని మరిగించి, పంచదార, పుదీనా వేసి చల్లార్చి వోంజో అని తాగుతారు. ఆకును కూడా వదలరు. ఉడకబెట్టి, దంచి, కుచా అని అన్నంలోకి పెట్టుకుంటారు. నేను అడిగి మరీ పెట్టించుకున్నాను. కారం తక్కువ, పులుపు మాత్రం అచ్చం మనదే.

ఇండియా నుంచి వచ్చానంటే ఇక్కడ చాలామంది సినిమాల పేర్లు చెప్తారు. ఒక చోట మాత్రం ఒక పెద్దాయన మందుల సంగతి ఎత్తాడు. 2022లో ఇక్కడ దగ్గు, జ్వరం సిరప్‌లు తాగిన పసిపిల్లలు కిడ్నీలు పాడై చనిపోయారు. అరవై మందికి పైనే. ఆ సిరప్‌లు హర్యానాలో తయారైనవి. వాటిలో డైఇథిలీన్ గ్లైకాల్, ఇథిలీన్ గ్లైకాల్ ఉన్నాయని ఆ అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిక ఇచ్చింది. ఆయన గొంతులో కోపం లేదు. "మీ దేశం మందులంటే మాకు నమ్మకం ఉండేది" అన్నాడంతే. నేను చెప్పగలిగిన మాట ఏమీ లేక, చేతులు పట్టుకుని క్షమించమన్నాను. గాంబియా వెళ్లే ప్రతి భారతీయుడికీ ఈ విషయం తెలిసి ఉండాలి. మన దగ్గర దీన్ని వారం రోజుల వార్తగా మరిచిపోయాం. ఆ ఇళ్లు ఇక్కడే ఉన్నాయి.

శనివారం: బాంజుల్, బర్రా

రాజధాని బాంజుల్ నది సముద్రంలో కలిసే చోట, ఒక దీవి మీద ఉంది. 1807లో బ్రిటన్ బానిస వ్యాపారాన్ని నిషేధించాక, నదిలోంచి దొంగచాటుగా పోయే ఓడలను అడ్డుకోవడానికి 1816లో ఇక్కడ ఫిరంగులు పెట్టి ఊరు కట్టారు. అప్పుడు పేరు బాథర్స్ట్, 1973 నుంచి బాంజుల్. జనం ఎక్కువమంది సెరెకుండా వైపు ఉంటారు కాబట్టి రాజధానిలో ఆఫీసుల వేళ దాటితే సందడి తగ్గిపోతుంది.

ఊళ్లోకి అడుగుపెట్టే చోట ఆర్చ్ 22 అనే 35 మీటర్ల కట్టడం. 1994 జూలై 22న యాహ్యా జమ్మే అనే యువ సైనికాధికారి, స్వాతంత్ర్యం నాటి నుంచి పాలిస్తున్న దావ్దా జవారాను దించేశాడు. దాని గుర్తుగా కట్టించుకున్నది ఇది. ఆ తరవాత 22 ఏళ్లు ఆయన పాలనే. పత్రికలవాళ్లు, ప్రత్యర్థులు మాయమైపోయారు. మూలికలతో ఎయిడ్స్ నయం చేస్తానని మందులు మాన్పించాడు. 2016 డిసెంబరు ఎన్నికల్లో ఆడమా బారో చేతిలో ఓడాడు. ముందు ఒప్పుకుని తరవాత మాట మార్చితే, పొరుగు దేశాల సేనలు సరిహద్దు దాకా వచ్చాయి. 2017 జనవరిలో దేశం వదిలి వెళ్లిపోయాడు. ఆ దౌర్జన్యాల మీద వేసిన కమిషన్ ముందు బాధితులు, హంతకులు చెప్పిన వాంగ్మూలాలను 2019 నుంచి రెండేళ్లు టీవీలో ప్రత్యక్షంగా చూపించారు. టీ కొట్టులో, టాక్సీలో అందరూ వింటుండేవారని డ్రైవర్ చెప్పాడు.

ఇరవై రెండేళ్ల పాలనను కూల్చింది గోళీలు. నిజంగా గోళీలే. చదువు రానివాళ్లు కూడా ఓటెయ్యాలని 1960ల నుంచి ఇక్కడ బ్యాలెట్ కాగితం బదులు గాజు గోళీ వాడుతున్నారు. అభ్యర్థికో రంగు డ్రమ్ము, దాని మీద ఫోటో. పైన గొట్టంలో గోళీ వేస్తే లోపల గంటకు తగిలి 'టంగ్' మంటుంది. రెండోసారి మోగితే ఎవరో రెండు వేశారని బయట కూర్చున్న అధికారికి తెలిసిపోతుంది. డ్రమ్ములో ఇసుకో, రంపపు పొట్టో పోస్తారు, అడుగున పడ్డప్పుడు మళ్లీ చప్పుడు కాకుండా. పోలింగు రోజు ఆ దగ్గర్లో సైకిల్ బెల్లు మోగించకూడదు. లెక్కపెట్టడానికి గుంటలున్న చెక్క పళ్లాలు. గోళీలు పోసి సర్దితే పళ్లేనికి ఇన్నని ఏజెంట్ల కళ్ల ముందే తేలిపోతుంది. ఈ ఏర్పాటు విన్నప్పటి నుంచి నాకు దీని మీద గొప్ప గౌరవం.

పార్లమెంటు భవనం భారత ప్రభుత్వం ఇచ్చిన రుణంతో కట్టినది. 2019లో మన అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఇందులో ప్రసంగించారు. అదే ఏడాది నవంబరులో ఈ చిన్న దేశం రోహింగ్యాల మీద జరిగిన దారుణాలకు మయన్మార్‌ను హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి లాగింది. అంత దూరాన ఉన్న మీకెందుకు అని డ్రైవర్‌ని అడిగాను. "మాకు జరిగినప్పుడు ఎవరైనా అడిగితే బాగుండునని మేం అనుకున్నాం కదా" అన్నాడు.

మధ్యాహ్నం ఫెర్రీ. నది నోరు ఇక్కడ చాలా వెడల్పు, అవతలి ఒడ్డు బర్రా దుమ్ములో లీలగా ఉంది. లారీలు, మేకలు, పరుపులు, మోటారు సైకిళ్లు, నెత్తిన వేరుశనగ గంపలతో ఆడవాళ్లు, అందరం ఒకే డెక్కు మీద. ఫెర్రీ ఆలస్యమైతే జనం పొడవాటి చెక్క పడవలెక్కుతారు. ఆ పడవలు ఒడ్డు దాకా రావు కాబట్టి కూలీలు మనుషుల్ని భుజాల మీద కూర్చోబెట్టుకుని పడవ దాకా మోస్తారు. చూడటానికి సరదాగా ఉంటుంది గానీ, లైఫ్ జాకెట్ అందరికీ ఉండదు. ఎంత ఆలస్యమైనా ఫెర్రీకే ఆగండి.

రాత్రికి జుఫురే చేరాం.

ఆదివారం: కుంటా కింటే దీవి, ఫరఫెన్నీ

తెలుగులో ఒక తరం పాఠకులకు గాంబియా పేరు కన్నా ముందు కుంటా కింటే పేరు తెలుసు. అలెక్స్ హేలీ 1976లో రాసిన 'రూట్స్'ను సహవాసి 'ఏడు తరాలు'గా తెలుగు చేశారు, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. హేలీ తన పూర్వీకుడని చెప్పిన కుంటా కింటేను, డోలు చేసుకుందామని కట్టెల కోసం అడవికి పోయిన పదిహేడేళ్ల కుర్రాడిని, బానిసగా అమ్మడానికి పట్టుకుపోయిన ఊరు ఈ జుఫురేనే. ఎడ్ల బండి దారి, రేకుల కప్పులు, మామిడి చెట్లు, చెట్టు కింద కూర్చునే చప్టా. దాన్ని బంతబా అంటారు. ముందు అల్కాలోను, అంటే ఊరి పెద్దను కలిసి, అనుమతి అడిగి తిరగాలి. కింటే ఇంటిపేరువాళ్లు ఇప్పటికీ ఊళ్లో ఉన్నారు. హేలీ చెప్పిన వంశక్రమం మీద చరిత్రకారులు గట్టి అభ్యంతరాలే చెప్పారు, అది తెలిసే వచ్చాను. ఆ ఒక్క కుర్రాడి కథ అక్షరాలా నిజమా కాదా అనేదాని మీద ఈ నది చరిత్ర ఆధారపడి లేదు.

పక్కనే అల్బ్రెడా. 1681 నుంచి ఫ్రెంచివాళ్ల వర్తక స్థావరం ఇక్కడ ఉండేది. ఒడ్డున సంకెళ్లు తెంచుకుని చేతులెత్తిన మనిషి విగ్రహం, దాని మీద "ఇంకెప్పుడూ జరగకూడదు" అన్న మాట. ఇక్కడి నుంచి పడవలో దీవికి పోవాలి.

దీవి చాలా చిన్నది. 1651లో ఇప్పటి లాత్వియాలో ఉండిన కూర్లాండ్ అనే చిన్న రాజ్యం వాళ్లు కోట కట్టారు. పదేళ్లకు ఇంగ్లీషువాళ్లు లాక్కుని జేమ్స్ దీవి అని పేరు పెట్టారు. ఆ తరవాత ఫ్రెంచివాళ్లు కూల్చడం, వీళ్లు మళ్లీ కట్టడం ఎన్నోసార్లు జరిగింది. 2003లో యునెస్కో వారసత్వ స్థలమైంది, 2011లో కుంటా కింటే దీవి అని పేరు మార్చారు. ఇప్పుడు మొండిగోడలు, వాటి మధ్య లావుపాటి బావోబాబ్ చెట్లు. గైడ్ ఒక చిన్న గది చూపించాడు. ఎదురు తిరిగిన బందీలను ఇందులో పెట్టేవారట. కిటికీ అనదగ్గది లేదు, గోడలో పైన చిన్న సందు. లోపల నిలబడితే నది అలలు గోడకు తగిలే చప్పుడు వినిపిస్తుంది గానీ నీళ్లు కనిపించవు. లోపలి ఊళ్ల నుంచి తెచ్చినవాళ్లలో చాలామంది అప్పటిదాకా సముద్రం చూసి ఉండరు.

దీవిని నది కోసుకుపోతోంది. కోట నడిచిన రోజుల్లో ఉన్న నేలలో ఆరో వంతే మిగిలిందంటారు. ఒడ్డున కాళ్ల కింద గవ్వలతో పాటు పాత ఇటుక ముక్కలు దొరుకుతాయి. ఏవీ తీసుకురాకండి.

అక్కడి నుంచి ఉత్తరపు ఒడ్డు రోడ్డు పట్టుకుని లోపలికి. కెరెవాన్ దగ్గర పాయ దాటితే రెండు వైపులా వేరుశనగ చేలు, కోత అయిపోయి కట్టెలు కుప్పలు పెట్టి ఉన్నాయి. 1830ల నుంచి ఈ దేశం బతుకు వేరుశనగే. ఇంటి వంటలోనూ అదే. దొమోదా అంటే వేరుశనగ ముద్దతో చేసే చిక్కటి పులుసు, గుమ్మడి ముక్కలు, నిమ్మరసం వేసి. ఆదివారం ఫరఫెన్నీలో సంత, ఇక్కడ లూమో అంటారు. సెనెగల్, గినీ నుంచి కూడా వ్యాపారులు వస్తారు. దగ్గర్లోనే 2019లో ప్రారంభించిన సెనెగాంబియా వంతెన. అంతకుముందు సెనెగల్ ఈ కొస నుంచి ఆ కొసకు పోయే లారీలు ఇక్కడ ఫెర్రీ కోసం రోజుల తరబడి పడి ఉండేవి. డ్రైవర్ ఒకసారి కుళ్లిపోతున్న ఉల్లిపాయల లోడుతో ఇక్కడే పడుకున్నాడట.

సోమవారం: జంజంబురే, వాస్సు

జంజంబురే నది మధ్యలో దీవి మీది ఊరు. 1823లో బ్రిటిష్‌వాళ్లు స్థావరం పెట్టి జార్జ్‌టౌన్ అన్నారు. విడుదలైన బానిసలను ఇక్కడ స్థిరపరిచారు. ఒడ్డున ఉన్న పాత గోదామును బానిసల ఇల్లని చూపిస్తారు, నిజానికి ఈ ఊరు పుట్టిందే బానిస వ్యాపారం మీద నిషేధం వచ్చాక. కాస్త ఎగువన, ఒకప్పటి పిసానియా నుంచి 1795 డిసెంబరులో మంగో పార్క్ అనే స్కాట్లండ్ యాత్రికుడు నైజర్ నదిని వెతుక్కుంటూ బయలుదేరాడు. అక్కడ ఒక స్తంభం ఉంది.

వాస్సు రాతి వలయాల కోసం మాత్రం ఎంత దూరమైనా రావచ్చు. ఎర్రటి లాటరైట్ రాయిని నేలలోంచి నిలువుగా కోసి, గుండ్రంగా చెక్కి, వలయాలుగా నిలబెట్టారు. వాస్సులో 11 వలయాలు. పెద్ద రాళ్లు రెండున్నర మీటర్ల దాకా ఉంటాయి. గాంబియా, సెనెగల్ రెండింటిలో ఇలాంటివి నది వెంట 350 కిలోమీటర్ల మేర వెయ్యికి పైగా ఉన్నాయి. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దం నుంచి క్రీస్తుశకం పదహారో శతాబ్దం వరకు కట్టిన సమాధి స్థలాలివి. 2006లో యునెస్కో జాబితాకెక్కాయి. కట్టినవాళ్లు ఎవరో, ఏ భాష మాట్లాడారో తేలలేదు. నేను వెళ్లినప్పుడు మనుషులెవరూ లేరు. ప్రతి రాతి నెత్తిమీదా గులకరాళ్లు పేర్చి ఉన్నాయి, వచ్చినవాళ్లు మొక్కుకుని పెడతారు. రాయి మీద చెయ్యి ఆన్చితే పైన గరుగ్గా, ఇనుము తుప్పు రంగులో, చిన్న చిన్న బొరియలతో ఉంది. ఇనుప పనిముట్లు చేయడం బాగా తెలిసినవాళ్లు తప్ప ఈ రాయిని ఇంత నున్నటి స్తంభంగా తీయలేరు. ఆఫ్రికాకు చరిత్ర తెల్లవాళ్లతో మొదలైందని బడిలో చదివినవాళ్లందరినీ ఇక్కడికి తీసుకురావాలనిపించింది.

రాత్రి అత్తాయా. బొగ్గుల కుంపటి మీద చిన్న ఎనామిల్ కెటిల్, అందులో చైనా గన్‌పౌడర్ గ్రీన్ టీ. మరిగాక ఒక చిన్న గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి జానెడు ఎత్తు నుంచి పోస్తూనే ఉంటారు, సగం గ్లాసు నురగ వచ్చేదాకా. అదే ఆకుతో మూడు వాయిలు. మొదటిది నాలుక పట్టేసేంత చేదు, తరవాతవి పంచదార ఎక్కువై మెత్తబడతాయి. మూడూ అయ్యేసరికి రెండు గంటలు. కుంపటి చుట్టూ కూర్చున్న కుర్రాళ్లు 'బ్యాక్‌వే' గురించి మాట్లాడుకున్నారు. సహారా దాటి, లిబియా నుంచి పడవలో ఇటలీ పోయే దారి అది. ఒకడి అన్న వెళ్లాడు, ఫోన్ లేదు. ఎవరూ గొంతు పెంచలేదు. టీ గ్లాసు మాత్రం వాడికే ముందు ఇచ్చారు.

మంగళవారం: కుంటౌర్, బబూన్ దీవులు

నది ఇక్కడికి వచ్చేసరికి మంచినీళ్లు. దిగువన ఉప్పునీటి మడ అడవులు, ఎగువన ఆడవాళ్లు పండించే వరి మళ్లు. కుంటౌర్ దగ్గర పడవెక్కి గాంబియా నది జాతీయ పార్కుకు వెళ్లాం. పేరు బబూన్ దీవులైనా చూడాల్సింది చింపాంజీలను. అమ్మకానికి పట్టుకుంటే విడిపించిన అనాథ పిల్లలను స్టెల్లా మార్స్‌డెన్ 1969లో అబుకో అడవిలో సాకడం మొదలుపెట్టి, 1979లో ఈ దీవులకు తెచ్చారు. ఇప్పుడు వందకు పైగా ఉన్నాయి. చాలావరకు ఇక్కడే పుట్టినవి. దీవి మీద ఎవరూ దిగకూడదు, పడవ దూరంగానే ఆగాలి. ఈ కట్టుబాటు ఇన్నేళ్లుగా గట్టిగా పాటిస్తున్నారు కాబట్టే అవి అడవి జంతువులుగా బతుకుతున్నాయి.

ఒక తల్లి అంచుకు వచ్చి కొమ్మ మీద కూర్చుంది, వీపు మీద పిల్ల. మమ్మల్ని కాసేపు చూసింది. ఆకు తుంచి, నమిలి, పిల్ల నోట్లో పెట్టింది. ఇంజన్ ఆపేశాం కాబట్టి నమలడం కూడా వినిపించింది. కాస్త కిందికి వస్తే నీటి గుర్రాలు చెవులు మాత్రం పైన పెట్టి ఉన్నాయి. పిట్టలకైతే లెక్క లేదు. ఈ చిన్న దేశంలో 500 పైచిలుకు జాతులున్నాయి. ఎర్ర గొంతు పసిరిక పిట్టలు ఒడ్డు మట్టిలో బొరియలు చేసుకుని వందల్లో ఉన్నాయి. బైనాక్యులర్స్ తెచ్చుకోండి.

బుధ, గురువారాలు: తిరుగు దారి, తంజీ, బ్రికామా

దక్షిణపు ఒడ్డు రోడ్డు మీద రోజంతా ప్రయాణం. చెక్‌పోస్టులు చాలా ఉంటాయి, పాస్‌పోర్ట్ చేతికి అందేలా పెట్టుకోవాలి.

తంజీ రేవుకు సాయంత్రం పోవాలి. రంగులేసిన పడవలు అలల్లో ఊగుతుంటే, మగవాళ్లు నడుం లోతు నీళ్లలో చేపల పెట్టెలు నెత్తిన పెట్టుకుని పరుగెత్తుకొస్తారు. ఒడ్డున బేరం, కోత, పొగబెట్టడం ఆడవాళ్లవి. బొంగా అనే చవక చేపను పొగలో ఎండబెడితే కరెంటు లేని లోపలి ఊళ్ల దాకా పోతుంది. పొగ గదిలో ఒకామె చేపలు తిప్పుతూ, ఈ మధ్య పెట్టె ధర అందడం లేదంది. తీరం మీద చేపపొడి ఫ్యాక్టరీలు వచ్చాయి, అవీ ఈ బొంగానే కొంటాయి. కిలో పొడికి నాలుగైదు కిలోల చేప కావాలి. ఆ పొడి విదేశాల్లో పెంపకపు చేపలకు, రొయ్యలకు మేత. భీమవరం చుట్టూ చెరువులు చూసినవాళ్లకు ఆ మేత బస్తాలు తెలుసు. పేదవాడి కూరలో ముక్క తీసి ఎగుమతి చెరువులో వెయ్యడం నాకు న్యాయంగా అనిపించలేదు. ఆమె అడిగిన ప్రశ్న కూడా అదే: "మా ఊరి చేప మా ఊరికి మిగలొద్దా?"

బ్రికామాలో కోరా విన్నాను. సగానికి కోసిన పెద్ద సొరబుర్రకు ఆవు చర్మం బిగించి, 21 తీగలు కట్టిన వాయిద్యం. ఒళ్లో నిలబెట్టి, రెండు పిడులు వేళ్లతో పట్టుకుని, బొటనవేళ్లు, చూపుడు వేళ్లతోనే మీటుతారు. వాయించేది 'జాలి' అని పిలిచే వంశపారంపర్య పాటగాళ్ల కుటుంబాలవాళ్లు. పెద్ద ఇళ్ల వంశక్రమాలు, పాత రాజుల కథలు వాళ్ల నోట్లో ఉంటాయి. మన పల్లెల్లో వంశరాజులు ఇంటిముందు నిలబడి గోత్రాలు, తాత ముత్తాతల పేర్లు ఏకరువు పెట్టినట్టే. తండ్రి నుంచి కొడుక్కే వచ్చే ఈ విద్యను సోనా జోబర్తే అనే ఆడమనిషి నేర్చుకుని ప్రపంచమంతా వినిపిస్తోంది, పిల్లలకు నేర్పడానికి గాంబియాలోనే బడి పెట్టింది. నేను విన్న పెద్దాయన తన పాటలో నా పేరు, మా నాన్న పేరు, మా ఊరి పేరు అడిగి కలిపాడు. నాన్న పేరు ఆయన నోట అలా విన్నప్పుడు కళ్లు నిండాయి.

శుక్రవారం: బయలుదేరేరోజు

వెళ్లాలనుకునేవాళ్లకు ఇంకొన్ని మాటలు. జంజంబురే వైపు ఊరి వసతులు సాదాగా ఉంటాయి, దోమతెర తప్పకుండా అడగండి. తీరంలో హోటళ్లుండే కొలోలి వైపు కుర్రాళ్లు వెంటబడి స్నేహం చేస్తారు. ముందు పలకరించి, తరవాత వద్దని చెప్తే నొచ్చుకోకుండా వెళ్లిపోతారు. పల్లెలో ఎవరింటికైనా పోతే కోలా కాయలు పట్టుకెళ్లండి, బజారులో దొరుకుతాయి, పెద్దవాళ్లకు అదే మర్యాద. పిల్లలకు డబ్బులు, చాక్లెట్లు పంచడం కన్నా బడి మాస్టారికి నోటుపుస్తకాలు ఇవ్వడం మేలు.

హైదరాబాద్‌లో దిగగానే ఎల్లో ఫీవర్ కార్డు అడుగుతారు. లేకపోతే ఆరు రోజులు క్వారంటైన్. అందుకని కార్డును చెక్-ఇన్ సూట్‌కేసులో కాకుండా పాస్‌పోర్టుతో పాటే పెట్టుకోండి.